‘నిజంగానా?’ అని అడగని యంత్రం

ఆయన్ని ఆఫీసులో అందరూ రెండక్షరాలాయన అంటారు. కంప్యూటరుకు చెప్పే ఏ ఆదేశాన్నైనా రెండక్షరాలకు కుదించి పెట్టుకోవడం ఆయన జీవితాశయం. పక్క సీట్లో ఎవరైనా బారెడు ఆదేశాన్ని మొత్తం టైపు చేస్తుంటే, కళ్లముందు ఘోరం జరుగుతున్నట్టు లేచి వచ్చి ఆపేవాడు.

తుడిపేసే ఆదేశం పుట్టుకతోనే రెండక్షరాలది. అందుకే అదంటే ఆయనకు ప్రాణం. ఆదేశాలు టైపు చేసే నల్లతెర మీద దాన్ని కొడితే యంత్రం మారుమాట్లాడకుండా తుడిపేస్తుంది. చెత్తబుట్టలో కూడా దాచదు. ఆయన మాత్రం తన యంత్రానికి మర్యాద నేర్పాడు. ఒక్కో ఫైలు దగ్గరా ఆగి ‘నిజంగానా?’ అని అడుగుతుంది. దాంతో ఆయనకో అలవాటు పట్టుకుంది. ఫోల్డరులోకి వెళ్లి అన్నీ తుడిపెయ్యమనడం, అది అడుగుతూ పోతుంటే ఉంచాల్సినవాటికి ‘వద్దు’ అనడం. ముందే ఏరుకునే శ్రమ తప్పించుకోవడానికి ఇంతకన్నా నాగరికమైన పద్ధతి లేదని కొత్తగా చేరినవాళ్లకు ఉపన్యాసమిచ్చేవాడు.

ఆయన అక్క స్పీచ్ థెరపిస్టు. మాట ఆలస్యమైన పిల్లలకు మాటలు నేర్పుతుంది. గదిలో పిల్లల ఎత్తుకు బిగించిన అద్దం, ఊదడానికి ఈకలు, పెద్దవాళ్లు కూర్చుంటే మోకాళ్లు గడ్డానికి తగిలే కుర్చీలు. వచ్చిన ప్రతి బిడ్డ గొంతునూ మొదటిరోజు నుంచి రికార్డు చేసి ఉంచుతుంది. ఆ సాయంత్రం ఒక పాప అమ్మానాన్నలు రావాలి. మార్పేమీ లేదు, మాన్పించేస్తానని తండ్రి ఫోనులో తేల్చేశాడు. మొదటి గొంతు, ఇప్పటి గొంతు వెంటవెంటనే వినిపిస్తే ఆయనే ఆగుతాడని అక్క నమ్మకం. తీరా చూస్తే డిస్కు నిండిపోయి కంప్యూటరు మొరాయించింది. తమ్ముణ్ణి పిలిచింది.

తమ్ముడు కాపీ తియ్యడానికి కొత్త డిస్కుతో సహా వచ్చాడు. ముందు ఆ పని కానివ్వరా అంది అక్క. ఒకే ఫోల్డరులో ఒక్కో రికార్డూ రెండేసిసార్లు ఉంది, ఎక్కువైనవి తీసేశాక కాపీ తీస్తే సగం శ్రమేనని ఆయన సెలవిచ్చాడు. డిస్కు అట్టపెట్టెలోనే ఉండిపోయింది. చిన్న కుర్చీలో ఇరుక్కుని, రికార్డుల ఫోల్డరులోకి వెళ్లి, అన్నీ తుడిపెయ్యమని కొట్టి, మొదటి ప్రశ్నకు జవాబివ్వడానికి వేలు సిద్ధంగా పెట్టుకున్నాడు.

ప్రశ్న రాలేదు. మర్యాద నేర్చింది ఆయన యంత్రం. ఇది అక్కది.

“ఏమైందిరా? అలా బిగుసుకుపోయావు?”

“అడగలేదక్కా.”

“ఎవరు?”

“కంప్యూటరు.”

“అది నిన్నెందుకు అడుగుతుంది? నేనడుగుతున్నా. పిల్లల గొంతులేవి?”

పోయినవాటిని వెనక్కి లాగే ఉపాయాలు తెలిసినవన్నీ ప్రయోగించాడు. కొన్ని ఫైళ్లు పేర్లు పోగొట్టుకుని తిరిగొచ్చాయి. తెరిస్తే గరగర తప్ప గొంతు లేదు. అక్క తిట్టలేదు. ఈకలన్నీ ఏరి డబ్బాలో సర్దింది, మళ్లీ బయటికి తీసింది. తిట్టి ఉంటే బాగుండేదనిపించింది ఆయనకు.

పాపను తీసుకుని వాళ్లు వచ్చారు. అక్క నోరు విప్పేలోపు తమ్ముడే చెప్పాడు, రికార్డులు తను తుడిపేశానని, అక్క తప్పేమీ లేదని. రెండక్షరాల్లో చెప్పే వీలు లేక చాలాసేపు పట్టింది.

“అంటే చూపించడానికేమీ లేదు,” అన్నాడు తండ్రి.

అక్క గ్లాసు చూపించి ఇదేంటని అడిగితే పాప “నీయు” అంది. ఆ మాట ఎప్పట్నుంచో అంటూనే ఉందిగా అన్నాడు తండ్రి. అబద్ధమాడలేదు. నిజంగానే మర్చిపోయాడు.

తల్లి ఫోను తీసి, చాలాసేపు వెనక్కి జరుపుకుంటూ వెళ్లి, ఒక వీడియో పెట్టింది. వంటగదిలో పాప, ఎదురుగా గ్లాసు. “నీళ్లు అను తల్లీ... నీళ్లు... నీ...” అని తల్లి గొంతు. పాప పెదవులు కదల్లేదు. మళ్లీ బతిమాలింది. మళ్లీ నిశ్శబ్దం. చివర్లో పక్కనుంచి మగగొంతు వినిపించింది: “వదిలెయ్యవే. అది అనదు.”

తండ్రి తన గొంతు తను విన్నాడు. ఫోను అందుకుని ఇంకోసారి పెట్టుకున్నాడు. మనసు మారిందని ఎవరితోనూ అనలేదు. “ఇంకో నెల చూద్దాం,” అన్నాడు గ్లాసు వైపు చూస్తూ.

వాళ్లు వెళ్లేముందు అక్క ఆ వీడియో అడిగి పంపించుకుంది. గుమ్మం దాకా సాగనంపి వచ్చి, అప్పుడు తమ్ముడితో మాట్లాడింది.

“ముందు దీని కాపీ తియ్యి.”

ఆయన అట్టపెట్టె చించాడు. ఫోల్డరులో ఏముందో ముందు తెర మీదికి రప్పించుకుని, వేలు పెట్టి చదివి, ఆదేశాన్ని ఒక్క అక్షరం మింగకుండా కొట్టాడు.

ఈలోగా అక్క మిగతా పిల్లల తల్లుల్లో ఒకావిడకు ఫోను కలిపి, అవతల మోగుతుండగానే తమ్ముడి చేతిలో పెట్టింది.