మడమల కింద మూడు వేళ్లు

మా పిన్ని ఇరవై రెండేళ్లు ఒక చెక్కపీట మీద నిలబడి వంట చేసింది.

ఆ వంటగట్టు కట్టించుకుంది పిన్ని అత్తగారు. గుమ్మం దాటాలంటే తల వంచాల్సినంత పొడగరి ఆవిడ. తన ఎత్తుకి కట్టించుకున్న ఆ గట్టు, కొత్తగా కాపురానికొచ్చిన పిన్నికి ఛాతీ దాకా వచ్చిందట. ఎవరో ఒక పీటని కాలితో ముందుకు తోశారు. పిన్ని ఎక్కింది. అంతే, అలా ఉండిపోయింది. పొయ్యి దగ్గర్నుంచి తొట్టి దగ్గరికి నాలుగడుగులు. ప్రతిసారీ దిగాలి, పీటని పాదంతో జరపాలి, మళ్లీ ఎక్కాలి. రెండుసార్లు జారి పడింది కూడా. చారు ఒలికినందుకు తిట్లు పడ్డాయి గాని, మోకాలి గురించి ఎవరూ అడగలేదు.

ఆ వంటింటికి కిటికీ లేదు. గోడ అవతల రోడ్డు, రోడ్డు చివర దారం మిల్లు. పెళ్లికి ముందు పిన్ని ఆ మిల్లులో, పాకింగ్ సెక్షన్‌లో నాలుగేళ్లు పనిచేసింది. పొట్టిగా ఉండి చకచకా తిరిగేదని అక్కడ అందరూ ‘బొంగరం’ అనేవాళ్లు. పెళ్లయిన కొత్తలో, నాలుగున్నరకి షిఫ్టు వదిలాక, స్నేహితురాళ్లు గోడ పక్కనుంచి వెళ్తూ అరిచేవాళ్లట.

“ఏయ్ బొంగరం! ఉన్నావా, ఉడికిపోయావా?”

పక్కనే అత్తగారు. పిన్ని పలికేది కాదు. కొన్నాళ్లకి వాళ్లు పిలవడం మానేశారు. నడిచిపోయే చప్పుడు, నవ్వులు మాత్రం రోజూ వినిపించేవి.

నేను తొమ్మిదో తరగతిలో బడి మానేసి పిన్ని ఇంటికి వచ్చాను. నాకు మాటలు తక్కువ. అందుకని చూస్తూ ఉంటాను. నాలుగున్నరకి మిల్లు సైరన్ మోగగానే పిన్ని ఏ పనిలో ఉన్నా కుళాయి కట్టేస్తుందని మొదటి వారంలోనే గమనించాను. చప్పుళ్లన్నీ దూరమయ్యాక మళ్లీ తిప్పుతుంది.

అత్తగారు పోయిన రెండేళ్లకి బాబాయి ఇల్లు బాగుచేయించడం మొదలుపెట్టాడు. ముందుగది పెంచాలి, పైన ఒక గది వెయ్యాలి, వంటిల్లు పడగొట్టి కొత్తగా కట్టాలి. నీకేం కావాలో చెప్పమంటే పిన్ని రెండే అడిగింది. పీట అక్కర్లేని గట్టు. రోడ్డు వైపు కిటికీ.

“కిటికీయా?” అన్నాడు బాబాయి. “దారిన పోయేవాళ్లంతా మన కూరలో ఉప్పు సరిపోయిందో లేదో చెప్పి పోతారు.”

“పైకి పెడదాం సార్,” అన్నాడు మేస్త్రి. “అమ్మగారి కంటికి రెండు వేళ్లు కింద మొదలుపెడితే ఆవిడకి రోడ్డు కనిపిస్తుంది. రోడ్డుకి ఆవిడ నుదురు తప్ప ఏమీ కనిపించదు.”

ఆ మేస్త్రి పద్ధతి వేరు. గోడల కంటే ముందు మనుషుల్ని కొలుస్తాడు. మోచెయ్యి ఎంత ఎత్తులో ఉంది, చెయ్యి చాపితే ఎక్కడిదాకా అందుతుంది, కన్ను ఎక్కడుంది, అన్నీ. “చొక్కా కుట్టేవాడు కొలవడా? ఇల్లు చొక్కా కంటే ఎక్కువ రోజులు తొడుక్కుంటాం కదా,” అనేవాడు. నా అంకెలు అచ్చు వేసినట్టున్నాయని కొలతల పుస్తకం నా చేతికిచ్చాడు. “ఇది అయ్యాక ఇంకో ఇల్లుంది. రాయడానికి వస్తావా అమ్మాయ్?” అన్నాడు. గోడ వైపు చూసి తల ఊపాను. ఆ రోజు నుంచి పెన్సిల్ అరిగినా అరగకపోయినా రోజూ చెక్కేదాన్ని.

పిన్నిని కొలిచిన రోజు బాబాయి వాళ్ల అక్క ఇంట్లోనే ఉంది. మేస్త్రి టేపు లాగుతుంటే ఆవిడ కుర్చీలోంచి, “దీనికి అంత టేపెందుకయ్యా, పిల్లల స్కేలు సరిపోదూ!” అంది.

అందరూ నవ్వారు. పిన్ని కూడా నవ్వింది.

నేను నేల మీద కూర్చుని టేపు కొస పట్టుకుని ఉన్నాను. పిన్ని చీర అంచు కొంచెం లేచింది. దాని కింద ఆవిడ మడమలు నేలని వదిలాయి. మూడు వేళ్ల ఎత్తు ఉంటుందేమో. మోచెయ్యి కొలిచినప్పుడూ అంతే, కన్ను కొలిచినప్పుడూ అంతే. పిక్కలు వణుకుతున్నాయి. పిన్ని ముఖం మాత్రం ఎదుటి గోడ వైపే.

మేస్త్రి అంకెలు చెప్పాడు. నేను రాశాను.

చెప్పాలని అనుకోలేదా అంటే, రోజూ అనుకున్నాను. పాత గట్టు పగలగొట్టేటప్పుడు, “ఎవరిదమ్మా ఇది, కొబ్బరిచెట్టు వంట చేసేదా?” అని మేస్త్రి అన్నప్పుడు అనుకున్నాను. కిటికీ చట్రం బిగించేటప్పుడు అనుకున్నాను. కాని ఎలా చెప్పను? పిన్ని మడమలెత్తిందని నలుగురిలో అనడం ఆవిడని రెండోసారి స్కేలుతో కొలవడమే.

గట్టు మీద పరిచే బండ వచ్చిన రోజు దాన్ని మోసే ఇటుకల దిమ్మలు రెండూ సిద్ధంగా ఉన్నాయి. పిన్ని వచ్చి వాటి ముందు నిలబడింది. గిన్నె కలుపుతున్నట్టు చెయ్యి తిప్పి చూసుకుంది. భుజం పైకి లేచింది. పెరట్లో విరిగిన సామాను గుట్ట దగ్గరికి వెళ్లి, పీటని లాగి, దుమ్ము తుడవసాగింది.

అప్పుడు నా కాళ్లు వాటంతటవే మేస్త్రి దగ్గరికి వెళ్లాయి.

“దిమ్మలు ఎత్తయ్యాయండి. ఒక వరస ఇటుక తీసెయ్యాలి.”

ఆయన పుస్తకం తెరిచాడు. “సరిగ్గానే ఉంది కదా. రాసింది నువ్వే.”

“నేనే తప్పు రాశాను.”

“మీరు చెప్పిందొకటి, నేను రాసిందొకటి,” అన్నాను మళ్లీ. బాబాయి వాళ్ల అక్క గుమ్మం దగ్గర్నుంచి, “బడి మానేసిన పిల్ల చేతికి పుస్తకమిస్తే ఇంతే!” అంది.

మేస్త్రి నన్ను చూశాడు. పెరట్లో పీట తుడుస్తున్న పిన్నిని చూశాడు. “మరి కిటికీ కూడా తప్పేనా?” అన్నాడు మెల్లగా.

తల ఊపాను.

“అది నా చేతిలో లేదమ్మాయ్. చట్రం సిమెంటులో బిగిసిపోయింది. తీస్తే గోడంతా వస్తుంది.”

ఒక వరస ఇటుక తీయించాడు. బండ దిగింది. పుస్తకం తన సంచిలో పెట్టేసుకున్నాడు. తర్వాతి ఇంటి మాట మళ్లీ ఎత్తలేదు. ఆ పెన్సిల్ ఇంకా నా దగ్గరే ఉంది.

ఇప్పుడు పిన్ని నేల మీద నిలబడి వంట చేస్తోంది. మొదట్లో పాత అలవాటు పోక, తొట్టి వైపు వెళ్లేటప్పుడు లేని పీటని పాదంతో జరిపేది. తనే చూసుకుని నవ్వేది. నేను తప్పు రాశానన్న మాట ఆవిడ నాతో ఎన్నడూ ఎత్తలేదు. ఒకరోజు మాత్రం నా జడ వేస్తూ, అయిపోయాక కూడా చాలాసేపు వదల్లేదు.

కొత్త వంటింట్లో మొదటిసారి నాలుగున్నర సైరన్ మోగినప్పుడు పిన్ని కుళాయి కట్టేసి కిటికీ వైపు చూసింది. అక్కడ ఆకాశం తప్ప ఏమీ లేదు.

“పీట వెయ్యనా పిన్నీ?”

“వద్దులేవే. దిగడానికి ఇన్నేళ్లు పట్టింది.”

గట్టు అంచు రెండు చేతులా పట్టుకుని మడమలెత్తింది. అడుగులు దగ్గరికొచ్చాయి, నవ్వులొచ్చాయి, ఎవరో ఎవరినో పిలిచారు. పిన్ని మెడ చాచి చూస్తూనే ఉంది. చప్పుడు సన్నబడ్డాక మడమలు దించింది.

“ఎవరైనా కనిపించారా?”

“అందరూ చిన్నపిల్లలే,” అంది. “మావాళ్లు ఒక్కరూ లేరు.”

కుళాయి తిప్పి గిన్నెలు కడగడం మొదలుపెట్టింది.

మర్నాడు ఏదో పనిలో పడి టైము చూసుకోలేదు నేను. నీళ్ల చప్పుడు ఆగిపోతే తల తిప్పాను. పిన్ని మడమలు అప్పటికే గాలిలో ఉన్నాయి.