పీట మీద రిమోట్

సుభాష్‌కు కుదురు లేదు. దుర్గ్ రోడ్డు మీద స్కూటర్ జారి వెన్ను విరగకముందూ లేదు, విరిగాకా లేదు. సెక్టర్ 2లో మా పక్క క్వార్టరే వాళ్లది. చక్రాల కుర్చీలో కాసేపు గుమ్మంలో, కాసేపు పెరట్లో తిరుగుతూనే ఉంటాడు. చూస్తే నాకే తల తిరుగుతుంది.

కిందటేడు ఒక పెద్దాసుపత్రి పరిశోధనలో అతని నడుం దగ్గర చర్మం కింద చిన్న యంత్రం పెట్టి, వెన్నులోకి తీగలు వేశారు. రిమోట్ నొక్కితే నరాలకు కరెంటు అందుతుంది. నెలల తరబడి సాధన చేశాక, వాకర్ పట్టుకుని కాసేపు నిలబడగలుగుతున్నాడు. కరెంటు ఆపితే కాళ్లు మళ్లీ మాట వినవు.

ఆరోజు విశ్వకర్మ పూజ. ఉక్కు ప్లాంటులోకి ఆ ఒక్కరోజు కుటుంబాలను రానిస్తారు. తాను నడిపిన క్రేన్ ముందు నిలబడతానని సుభాష్ దోస్తులందరికీ చెప్పేశాడు. బయట వాళ్ల జీపు హారన్ కొడుతోంది. రిమోట్ కనబడదే!

వాళ్లింట్లో నేనూ వెతికాను. చూస్తే పూజ మూలన, పీట మీద విశ్వకర్మ పటం ముందుంది. కుంకుమ బొట్టు, పైన బంతిపువ్వు.

"ఏటమ్మా ఇది! నా కాళ్లని పీట మీద పెట్టీసేవేటి?"

"ఈయాల యంత్రాలకి ఆరామ్. ముట్టుకోకూడదు," అంది వాళ్లమ్మ అప్పలనర్సమ్మ.

"మరి బయట జీపు?"

"అది మనది కాదు."

నాకు ఒళ్లు మండింది. తీసిద్దామని చెయ్యి చాస్తే ఆవిడ గుడ్లురిమింది. సుభాష్ కుర్చీలోంచి వంగాడు, అందలేదు. చక్రం మీద గట్టిగా కొట్టాడు.

"యంత్రాలకి ఒక్క రోజే సెలవమ్మా. నా కాళ్లకి రెండేళ్లు సెలవయిపోనాది. ఈయాల కూడా కుర్చీలోనే ఎల్లమంతావా?"

ఆవిడ లెంపలేసుకుని రిమోట్ తీసింది. కొంగుతో కుంకుమ తుడిచి కొడుకు చేతిలో పెట్టింది.

నొక్కాడు. వాకర్ పట్టుకుని, తొడలు వణుకుతుండగా లేచాడు. నాకు ఏడుపొచ్చింది, దాచుకోలేదు. అప్పలనర్సమ్మ బొట్టు పెట్టడానికి కుంకుమ భరిణెతో వచ్చి చెయ్యెత్తింది. నుదురు అందలేదు. కొడుకు అంత పొడుగని ఆవిడ మరిచే పోయింది.

"కొంచెం వంగరా."

"వంగితే పడిపోతానమ్మా. బేగి కానీ!"

ఆవిడ విశ్వకర్మ పటాన్ని నేల మీదకు దించి, పీట లాక్కొచ్చి ఎక్కింది.