అత్తగారు అడిగిన ప్రశ్న

వైద్య కళాశాల రెండో అంతస్తులో, ఎన్ని ఫ్యాన్లు వేసినా గాలాడని కంప్యూటర్ గదిలో గణాంకాలు బోధించే పెద్దమనిషిని అందరూ వజ్రం మాస్టారు అంటారు. ఆయన వేలికి రాగి ఉంగరమైనా లేదు. వజ్రం ఉన్నది ఆయన సొంతంగా రాసుకున్న ప్రోగ్రాములో. ఒకే మందు మీద పలుచోట్ల జరిగిన పరిశోధనలను కలిపి, మొత్తానికి తేలిందేమిటో విద్యార్థులకు చూపడం దాని పని. ఒక్కో పరిశోధనకూ ఒక్కో చదరం. అట్టడుగున, అన్నీ కలిపిన జవాబుగా, వజ్రం ఆకారం. మధ్యలో నిలువు గీత. వజ్రం గీతకు ఎడంగా ఉంటే మందు పనిచేసినట్టు. తాకిందా, ఏమీ తేలనట్టు.

పదకొండేళ్లు చెక్కిన ఈ ప్రోగ్రాముకు ఒక దుర్గుణం ఉంది. ప్రశ్నలడగనిదే వజ్రం చూపదు. ఈ అంకె ఎక్కడిది? ఆ రోగులూ ఈ రోగులూ ఒకరే కాదు కదా? అందుకే విద్యార్థులు దానికి భక్తిశ్రద్ధలతో అత్తగారని పేరు పెట్టారు.

ఇప్పుడు ఆ అత్తగారికే గండం వచ్చింది. ఒక్క నొక్కుతో వజ్రం చూపే ప్రోగ్రాములు బజారులో దొరుకుతుండగా ఈ సతాయింపు దేనికని ప్రిన్సిపాలు గారికి సందేహం కలిగింది. సోమవారం తరగతిలో తామే కూర్చుని పరీక్షిస్తామని, నచ్చకపోతే తీయించేస్తామని సెలవిచ్చారు. పరీక్షకు పంపినవి మోకాలి నొప్పి మాత్ర మీద ఆరు పరిశోధనలు. అందులో రెండు వారివే.

ఆదివారం వాటిని చదువుతూ మాస్టారు కాఫీ చల్లార్చుకున్నారు. వేరువేరు పత్రికల్లో అచ్చయిన ఆ రెండూ ఒకే నలభై మంది కథ.

"రేపు అందరి ముందూ అడిగేస్తుందే," అన్నారు భార్యతో.

"ఆ ఒక్క ప్రశ్నా పీకేయండి. ఒక్కపూటకి కొంపలేం మునగవు."

"పీకేస్తే ఇంక దీనికీ, ఆ కొనేదానికీ తేడా ఏముంది?"

"సరే, కొరివితో తల గోక్కోండి. చొక్కా మాత్రం ఇస్త్రీ చేసి పెడతాను."

సోమవారం ప్రిన్సిపాలు గారు స్వహస్తాలతో అంకెలు ఎక్కించారు. పెద్ద తెర మీద ఆరు చదరాలు వెలిశాయి. వెంటనే ప్రశ్న వెలిసింది: "మూడోదానిలోనూ ఐదోదానిలోనూ నలభై మందే. సగటు వయసు యాభై ఏడే. మధ్యలో మానేసింది ముగ్గురే. వీళ్లు వేరువేరు మనుషులేనా?"

వెనక బెంచీలో ఎవరికో దగ్గు ముంచుకొచ్చింది.

"ఏంటి మాస్టారూ, నన్నే అడుగుతోంది?"

"అందర్నీ అడుగుతుంది సార్. అసలా ప్రశ్న పెట్టిందే, ఒకసారి నేనిలా దొరికిపోయాక."

ప్రిన్సిపాలు గారు కళ్లజోడు తీసి, తుడిచి, మళ్లీ పెట్టుకున్నారు. ఈ కార్యక్రమానికి చాలాసేపు పట్టింది.

"ఒకటి ఆర్నెల్లకి చూసింది, ఇంకోటి ఏడాదికి. మనుషులు మాత్రం... వాళ్లే."

ఐదోదాన్ని ఆయనే తీసేశారు. అప్పుడు అట్టడుగున వజ్రం వెలిసింది, గీతకు ఆనుకుని.

"అంటే నా మాత్ర పనిచేయదా?"

"అలా అని కాదు సార్. ఇంకా తెలీదు, అంతే."

ఆయన లేచి, గుమ్మం దాకా వెళ్లి ఆగారు.

"అత్తగారిని ఉండనివ్వండి. ఈసారి నా వ్యాసాలు వేసేటప్పుడు మాత్రం ఆ పెద్ద తెర ఆపండి."

ఆ పేరు ఆయన చెవిదాకా ఎవరు చేరవేశారన్న విషయంపై గదిలో ఇంకా ఏకాభిప్రాయం కుదరలేదు.