మా మరిది మూతలు తీసిన జాబితా

మా మరిది ముప్పై ఏళ్లు అచ్చాఫీసులో అక్షరాలు కూర్చాడు. ఏ అక్షరం ఏ గడిలో ఉందో అతని చేతికే తెలుసు, కంటితో పని లేదు. ఆ ఆఫీసు మూతపడ్డాక యాభయ్యో ఏట పీహెచ్‌పీ అనే కంప్యూటరు భాష నేర్చుకున్నాడు. ఈ వయసులో ఓనమాలేమిటని నవ్వినవాళ్లే ఇప్పుడు తమ దుకాణాలకు వెబ్‌పేజీలు చేయించుకుంటున్నారు. మా ఆయన పోయాక నేను వాళ్లింట్లోనే ఉంటున్నాను.

కిందటి నెల ఆసుపత్రివాళ్లు రక్తదాతల జాబితా చేయమన్నారు. వాళ్లు పంపిన వివరాలు కంప్యూటరులో డబ్బాల్లో డబ్బాల్లా ఉన్నాయి: పేటకొక పెట్టె, అందులో వీధికొకటి, అందులో మనిషికొకటి. ఫోను నంబరుకు ఒక పేటవాళ్లు "ఫోన్" అని చీటీ పెడితే, ఇంకొకరు "మొబైల్" అని, మరొకరు "సెల్" అని పెట్టారు. మరిది రాసినదానికి "ఫోన్" అన్న చీటీ ఒక్కటే తెలుసు కాబట్టి, మూడొందల నలుగురిలో తెర మీద కనబడింది నూట పన్నెండు మందే. ఆ రోజు నాలుగింటికి ఆసుపత్రి నర్సమ్మ వచ్చి చూస్తుంది. అందరూ లేకపోతే పని వేరేవాళ్లకు పోతుంది.

పాత చేయి కదా, చీటీ మీది ప్రతి పేరుకూ ఒక గడి కడుతూ కూర్చున్నాడు. ఒకటి కడితే మరో కొత్త పేరు తగిలేది.

"భోజనానికి లేస్తారా, ఆ పెట్టెల్లోనే కాపురం పెడతారా?" అంది తోడికోడలు.

"ఒక్క పేరే మిగిలిందే!"

"పొద్దున్నుంచీ ఆ ఒక్కటే మిగులుతోంది."

కూరలు తరుగుతూ నేనన్నాను: "నాయనా, చీటీలు నమ్ముకుంటే ఎలా? మీ అన్నయ్య మందుల డబ్బాలో మేకులు పెట్టేవారు. ఆయన సామాను సర్దినప్పుడు ప్రతి మూతా తీశాను. లోపల ఇంకో డబ్బా ఉంటే దాని మూతా తీశాను. లోపలున్నదాన్ని బట్టే అదేమిటో తెలిసింది."

అతను నన్నే చూశాడు. తర్వాత రాసినదంతా కొట్టేశాడు. ఫర్‌ఈచ్ అనే ఆజ్ఞతో పెట్టెలన్నీ వరసగా తెరవడం, లోపల పెట్టె ఉంటే మళ్లీ అదే పని చేయడం, అంకెలు కనబడితే ఫోను నంబరనుకోవడం. పదిహేను వరసల్లో అయిపోయింది. తీరా చూస్తే, వయసులు కూడా ఫోను నంబర్లయిపోయాయి!

"నలభై రెండంట! ఇంత పొట్టి నంబరు ఎవరిదండీ, మహారాజుదా?" అని తోడికోడలు పడీపడీ నవ్వింది. పదంకెలున్నవాటినే తీసుకోమని సరిదిద్దాడు.

నర్సమ్మ వచ్చి లెక్కపెట్టింది. మూడొందల నలుగురూ ఉన్నారు. "మిగతా పేటల జాబితాలు కూడా మీకే పంపుతాం," అంది. అంతలో మరిది చేయి ఆగిపోయింది. తెర మీద మా ఆయన పేరు.

"తీసెయ్యనా వదినా?" అన్నాడు మెల్లగా.

"నంబరు ఉంచు. ఆ ఫోను నా దగ్గరే ఉంది. పేరు నాది పెట్టు, రక్తం గ్రూపు కూడా నాది రాయి."

నర్సమ్మ నా చేయి తిప్పి నరం చూసింది. "బాగానే కనబడుతోందమ్మా. రేపు పొద్దున రక్తమివ్వడానికి వస్తారా?"

వస్తానన్నాను.