ముఖర్జీ నగర్ మెస్సులో కందకాల తగువు

“ట్యాంకులు రాకుంటే ఆ కందకాలల్లనే ఇంకో పదేండ్లు కూసుందురు. ఇందుల తప్పేమున్నది?”

“ట్యాంకులు సగం బురదలో కూరుకుపోయాయిరా. తిండి లేక ఓడిపోయారు జర్మన్లు. ఇంటర్ కుర్రాడు ఇంతకంటే బాగా రాస్తాడు.”

మొదటి మాట శ్రీకాంత్‌ది, కరీంనగర్ అబ్బాయి. రెండోది చైతన్యది, కాకినాడ వైపు. ఆ మాటంటూనే చైతన్య, శ్రీకాంత్ రాసిన జవాబు మీద ఈ మూల నుంచి ఆ మూలకు ఎర్ర పెన్నుతో గీత కొట్టాడు. హాల్లో అందరూ చూస్తున్నారు. శ్రీకాంత్ కాగితం తీసుకుని మేడ మీదికి వెళ్లిపోయాడు. నేను టీ గ్లాసుల పళ్లెం పట్టుకుని నిలబడి ఉన్నాను. ఏ కందకాలో, ఎవరి యుద్ధమో నాకు బోధపడలేదు.

ఇది మూడేళ్ల కిందట, ఢిల్లీలో వానలు వెనకబట్టే రోజుల్లో జరిగింది. అప్పటికి నేను ముఖర్జీ నగర్‌లో సివిల్స్‌కు చదివే తెలుగు పిల్లలుండే ఒక పీజీ హాస్టల్లో హెడ్ కుక్‌గా పదకొండో ఏడు పనిచేస్తున్నాను. నా చదువు మూడో తరగతి. హెడ్ కుక్ అంటే గరిటె తిప్పడమే అనుకుంటారు. పొద్దున్నే ఎందరు తింటారో లెక్క తీసుకోవాలి. సరుకుల గది తాళం తన దగ్గరే ఉండాలి. బంతి ఎప్పుడు వేయాలో, ఎప్పుడు ఎత్తాలో చెప్పాలి. బంతి అంటే ఒకేసారి కూర్చుని తినే జనం. మాది ఒకటే బంతి. రెండో బంతి పెడితే అన్నం మళ్లీ వేడి చేయాలి. గ్యాస్ దండగ, అన్నమూ పాడు. అందుకని రాత్రి ఎనిమిదిన్నర దాటితే కలెక్టరు కాబోయేవాడైనా సరే, తలుపు వేసేదాన్ని.

ఆ పీజీలో గదులు ఇరుకు. రెండు మంచాలు వేస్తే కాలు పెట్టే చోటుండదు. అందువల్ల నాలుగు గంటల టీ తర్వాత పిల్లలు భోజనాల బల్లల దగ్గర కూర్చుని, రాసిన జవాబులు ఒకరివొకరు మార్చుకుని దిద్దుకునేవారు. శ్రీకాంత్, చైతన్య నాలుగేళ్లుగా జత. ఒకరి చేతిరాత ఒకరికి కళ్లు మూసుకున్నా తెలుసు. మెయిన్స్ పరీక్షకు ఇంకా పన్నెండు రోజులున్నాయి. శ్రీకాంత్‌కు వయసు దాటిపోతోంది, అదే ఆఖరి అవకాశం. అలాంటప్పుడు దిద్దే మనిషి లేకపోతే ఎలా అని మిగతా పిల్లలు గుసగుసలాడుకున్నారు.

మర్నాటి నుంచి చైతన్య రాత్రి ఏడున్నరకు, శ్రీకాంత్ ఎనిమిదీ ఇరవైకి తినడానికి రావడం మొదలుపెట్టారు. ఎదురుపడకూడదని. నాకు చెప్పకుండానే రెండు బంతులైపోయాయి.

ఇక్కడ నేనొక తప్పు చేశాను. ఒకడు అటువాడు, ఒకడు ఇటువాడు కదా, ఇది రాష్ట్రాల తగువనుకున్నాను. మెస్సులో అలాంటివి అప్పుడప్పుడు వచ్చేవి, ఎక్కువగా పప్పులో పులుపు గురించి. వాటికి మా దగ్గర మందు వంటే. ఆ రోజు ఒక బల్ల మీద పచ్చిపులుసు, రెండో బల్ల మీద గోంగూర పప్పు పెట్టాను. ఎవరికి ఇష్టమైంది వారు తిని చల్లబడతారని నా ఆలోచన. జరిగింది వేరు. ఏ గొడవా లేని పిల్లలు కూడా పులుసు వాళ్లు ఒక వైపు, గోంగూర వాళ్లు ఒక వైపు సర్దుకున్నారు. సాయంత్రానికి నీళ్ల జగ్గు కూడా ఈ బల్ల నుంచి ఆ బల్లకు వెళ్లలేదు. ఇద్దరి పంతాన్ని నేనే హాలంతటికీ వడ్డించినట్టయింది.

ఐదో రోజు శ్రీకాంత్ వంటగదిలోకి వచ్చాడు. “ఆంటీ, ఎల్లుండి పొద్దున నుంచి నా లెక్క తీసేయున్రి. బండికి టికెట్ చేసుకున్న,” అన్నాడు. పరీక్ష రాయవా అంటే, ఇంటర్ పిల్లగాని లెక్క రాసేటోనికి పరీక్ష ఎందుకన్నాడు.

నాకు కోపం వచ్చింది, అంతకంటే ఎక్కువగా అయోమయం. నాలుగేళ్లు నా చేతి తిండి తిన్నవాడు, వందేళ్ల కిందట ఎక్కడో జరిగిన యుద్ధం కోసం మూట కట్టుకోవడమేమిటి? అసలు ఆ కందకాల కథేమిటో నాకు అర్థమయ్యేలా తెలుగులో ఒక పేజీ రాసివ్వమన్నాను. రాసిస్తేనే లెక్క తీసేస్తానన్నాను. విసుక్కుంటూనే రాసిచ్చాడు.

మర్నాడు మధ్యాహ్నం గిన్నెలు కడిగించాక కళ్లద్దాలు పెట్టుకుని చదివాను. సముద్రం దగ్గర నుంచి కొండల దాకా రెండు సైన్యాలు ఎదురెదురుగా గోతులు తవ్వుకుని కూర్చున్నాయట. మధ్యలో ముళ్లకంచె, ఇటూ అటూ మరతుపాకులు. లేచినవాడు లేచినట్టే పోతాడు. ఏళ్లు గడిచినా గీత కదల్లేదు. చివరికి ట్యాంకులు కంచె తొక్కుకుంటూ వెళ్లాయట. అదే కాగితంలో, ట్యాంకులు వచ్చాక కూడా యుద్ధం రెండేళ్లు సాగిందని ఉంది. దాటగలిగితే రెండేళ్లెందుకు? రెండుసార్లు చదివినా తేలలేదు. శ్రీకాంత్ బట్టలు తెచ్చుకోవడానికి ఇస్త్రీ బండి దగ్గరికి వెళ్లాడు. దాని మీద వాదించిన రెండోవాడు చైతన్యే. మెట్లెక్కి అతన్ని అడిగాను.

చైతన్య కాగితం చూడగానే చేతిరాత గుర్తుపట్టాడు. మంచం మీద కూర్చుని చివరిదాకా చదివాడు. తర్వాత, వాడు రాసింది తప్పేం కాదు ఆంటీ, ఒక ముక్క వదిలేశాడంతే అన్నాడు. ఆ మాటతోనే మొదలుపెట్టి కాగితం వెనకాల తను కొంత రాసిచ్చాడు. ఓడిపోయిన పక్షమే యుద్ధం చివరి ఏడాది వసంతకాలంలో గీత దాటి చాలా దూరం వెళ్లిందట. ఆకలితో ఉన్న ఆ సిపాయిలకు శత్రువు సరుకుల గోదాములు దొరికాయట. రొట్టెలు, మాంసం, సారా నిండుగా ఉన్నాయి. ఎదుటివాళ్లూ మనలాగే మాడుతున్నారని పై అధికారులు వాళ్లకు చెప్పి పంపారు. అది చూశాక చాలామంది ముందుకు వెళ్లడం మాని తినడానికి కూర్చున్నారట.

సరుకుల గది సంగతి కనుక అది నాకు చప్పున ఎక్కింది. అయితే కొత్త సందేహం వచ్చింది. అంత దూరం వెళ్లినవాళ్లను వెనక్కి తోసిందెవరు? శ్రీకాంత్ తిరిగి రాగానే కాగితం అతని చేతిలో పెట్టాను. అతను తిప్పి చదివి, గిది నిజమే గని అమెరికోళ్లను, విమానాలను మరిచిపోయిండు అని కింద రాశాడు. అందులో నాకు మరొకటి అర్థం కాలేదు. మళ్లీ పైకి, మళ్లీ కిందికి. నాలుగుసార్లు మెట్లెక్కాక మోకాళ్లు పట్టేశాయి. సాయంత్రం టీ వేళకు ఆ కాగితం బల్ల మీద పడేసి, మీ యుద్ధం మీరే తేల్చుకోండి, నాకు పప్పు నానబెట్టే పనుందని వెళ్లిపోయాను.

నేను ఉపాయం పన్నానని తర్వాత పిల్లలు చెప్పుకున్నారు. అది నిజం కాదు. నాకు నిజంగానే అర్థం కాలేదు. ఆ యుద్ధం ట్యాంకులతో ముగిసిందో, ఆకలితోనో, రెండూ కలిసో, నాకు ఈనాటికీ తేలలేదు. ఆ పని నుంచి నేను నేర్చుకున్నది మాత్రం ఒకటుంది. రెండు పక్షాలు బిగుసుకున్నప్పుడు వేర్వేరుగా వడ్డించి మంచి చేసుకోవాలని చూడకూడదు. గొడవ పులుసు గురించి కానప్పుడు పులుసు మారిస్తే గొడవ పెరుగుతుంది. ఎవరిది ఒప్పో తేల్చబోవడం కూడా దండగే. మళ్లీ ఒకరి కాగితం ఒకరు చూసే వీలు కల్పిస్తే చాలు, మిగిలింది వాళ్ల చేతిలో ఉంటుంది.

మర్నాడు ఏడు గంటలకు నేను ఇడ్లీ దింపుతుండగా శ్రీకాంత్ సంచీతో కిందికి వచ్చాడు. హాల్లో పిల్లలంతా కూర్చున్నారు. చైతన్య ఈసారి తప్పుకుని వెళ్లిపోకుండా అతని కోసం కాచుకుని ఉన్నాడు. కాగితం మీద రాస్తే సరిపోదు చైతన్యా, ఆ మాటన్నది వీళ్లందరి ముంగట గదా అన్నాడు శ్రీకాంత్. చైతన్య లేచి నిలబడ్డాడు. “ఆ రోజు నేనన్న మాట తప్పు. ఆ జవాబు కొట్టేయాల్సింది కాదు,” అని రెండు బల్లలకూ వినబడేలా చెప్పాడు. కూర్చోబోతూ, “అయినా అమెరికా సంగతి నువ్వూ మొదట రాయలేదుగా,” అన్నాడు. నువ్వు ట్యాంకుల సంగతే రాయలేదు కదరా అన్నాడు శ్రీకాంత్. సంచీ గోడకు ఆనించి, అతని ఎదురుగా కుర్చీ లాక్కున్నాడు. వాళ్ల వాదన తెగేలోపు బండి వేళ దాటిపోయింది. నేను మధ్యాహ్నానికి బియ్యం కొలిచేటప్పుడు శ్రీకాంత్ లెక్క కూడా కలిపి పోశాను.