పై మడి లాప్‌టాప్, కింద మడి బోర్డు

మా బావగారికి నేను చెప్పిన పాఠం మొదటిసారికే అర్థమైంది. బందరులో ఇంజనీరింగ్ కాలేజీలో కంప్యూటర్ నెట్‌వర్క్స్ చెబుతూ ఇన్నేళ్ళు గడిపిన నాకు అలాంటి అనుభవం అంతకుముందు లేదు. అందుకని కొంచెం కంగుతిన్నాను. ఆయనకు అర్థమైనది ఏమిటో కొన్నాళ్ళ తర్వాత తెలిసింది. అప్పుడు ఇంకొంచెం కంగుతిన్నాను.

బావగారంటే మా అక్క భర్త. దివిసీమలో, ఉప్పుగాలి తగిలేంత దూరంలో ఆయనకు రొయ్యల చెరువులున్నాయి. అంతకుముందు రెండు పంటలు వరసగా పోయాయి. ఒకటి తెగులొచ్చి, ఒకటి నీళ్ళలో ఆక్సిజన్ పడిపోయి. ఈసారి కూడా పోతే చెరువులు లీజుకిచ్చేసి, గుడివాడలో వాళ్ళన్నయ్య స్టీలు సామాన్ల కొట్లో గల్లాపెట్టె దగ్గర కూర్చుంటానని అక్కకు మాటిచ్చారు. బావగారు కూర్చునే మనిషి కాదు. అన్నం కూడా సగం నిలబడే తింటారు. ఆయన్ని గల్లాపెట్టె వెనక ఊహించుకుంటే చెరువు గట్టు మీది కొంగని పట్టుకొచ్చి కుర్చీలో కూర్చోబెట్టినట్టు ఉండేది.

రొయ్యకీ మనిషికీ గాలి విషయంలో పెద్ద తేడా లేదు. ఎండ బాగా కాస్తే నీళ్ళలో ఆక్సిజన్ దానంతటదే పుడుతుంది. రాత్రిళ్ళూ మబ్బు పట్టిన పగళ్ళూ చెరువులో ఫ్యాన్లు తిప్పి నీళ్ళు చిలకాలి. చిలకడం ఆలస్యమైతే పంట చచ్చి పైకి తేలుతుంది. తేలడమంటే ఏమిటో బావగారు ఒకసారి చూశారు. అప్పట్నుంచి ఆయన చెరువు వదిలి పెళ్ళిళ్ళకి కూడా వెళ్ళడం మానేశారు. మబ్బు పట్టిన రోజున ఆయనతో ఎవరూ మాట్లాడేవారు కాదు.

నేను కాపలాకి ఒక యంత్రం పెడతానన్నాను. కాలేజీ ప్రాజెక్టు కోసం కొన్న సింగిల్ బోర్డు కంప్యూటర్ ఒకటి నా దగ్గర పడి ఉంది. పేరుకి కంప్యూటరే కానీ బిస్కట్ అంత ఉంటుంది. చెరువులో ముంచిన కడ్డీ నుంచి ఆక్సిజన్ ఎంతుందో అది చదువుతుంది. తగ్గితే మా ఫోన్లకు మెసేజీ పంపుతుంది. చిక్కల్లా దానికి వైఫై లేకపోవడమే. గట్టు మీద షెడ్డులో ఇంట్లో మూలపడ్డ పాత లాప్‌టాప్ పెట్టి, దానికి సిమ్ వేసిన డాంగిల్ తగిలించి, ఆ లాప్‌టాప్‌కొచ్చే ఇంటర్నెట్‌ని యూఎస్‌బీ కేబుల్ మీదుగా బోర్డుకి ఇవ్వాలి. కరెంటూ, ఇంటర్నెట్టూ ఒకే తీగలో వెళ్తాయి. కరెంటు పోయినా లాప్‌టాప్ బ్యాటరీ బోర్డుని పోషిస్తుంది. ఈ ఏర్పాటు నాకు చాలా నచ్చింది. నచ్చినవాటి జోలికి వెళ్ళకుండా ఉండాల్సింది.

ఆదివారం షెడ్డులో మేత బస్తాల మధ్య కూర్చుని పని మొదలుపెట్టాను. బోర్డు మీద ఆకుపచ్చ లైటు వెలిగింది. ఇంటర్నెట్ మాత్రం రాలేదు.

"లైటు వెలుగుతోంది కదమ్మా లెక్చరర్ గారూ," అన్నారు బావగారు, నిలబడి.

"కరెంటు వెళ్తోందండీ. మాట వెళ్ళడం లేదు."

"మా ఇంట్లో కూడా అంతే."

అక్క టీ గ్లాసులు కొంచెం గట్టిగా కింద పెట్టింది.

బోర్డుకి ఒకేలా ఉండే రెండు సాకెట్లున్నాయి. ఒకటి కరెంటుకి మాత్రమే, ఇంకోటి కరెంటుకీ మాటకీ. కేబుల్ మొదటిదాంట్లో పెట్టాను. దాన్ని రెండోదానికి మార్చి, లాప్‌టాప్‌లో డాంగిల్ కనెక్షన్‌ని పంచుకోవచ్చని ఒప్పుకున్నాక బోర్డుకి ఇంటర్నెట్ వచ్చింది. వస్తుందని క్లాసులో ఏటా చెబుతాను. నిజంగా వచ్చేసరికి నమ్మలేక కేబుల్ పీకి మళ్ళీ పెట్టి చూశాను.

"ఇంతకీ ఎట్టా వచ్చిందది?" అని అడిగారు బావగారు.

అప్పుడు నేను ఆ పాఠం చెప్పాను. డాంగిల్ కాలువ. లాప్‌టాప్ పై మడి. బోర్డు కింద మడి. కాలువ నీళ్ళు ముందు పై మడిలోకి వస్తాయి, అక్కణ్ణుంచి ఈ కేబుల్ అనే గొట్టంలోంచి కింద మడికి దిగుతాయి.

బావగారు వెంటనే తలూపారు. "అయితే మనది శివారు భూమన్నమాట. పై మడివాడి దయ."

ఇంత చక్కగా చెప్పానా అని నాకే ఆశ్చర్యమేసింది.

మూడు వారాలు గడిచాయి. ఒకటి రెండుసార్లు బోర్డు మెసేజీ పంపింది, బావగారు ఫ్యాన్లు వేశారు. ఆయనకు దాని మీద గురి కుదిరింది. ఎంత కుదిరిందంటే, గుడివాడలో అన్నగారి కొత్త ఇంటి గృహప్రవేశానికి వస్తానన్నారు. యంత్రం ఉంది కదా అని కాపలా మనిషికి సెలవిచ్చారు. అక్క మొదట నమ్మలేదు, తర్వాత చీర ఇస్త్రీ చేయించుకుంది.

నేను బందరు నుంచి బయల్దేరి పామర్రులో బస్సు మారాను. పామర్రులో ఎండ నడినెత్తిని మాడ్చేస్తోంది. గుడివాడ చేరేసరికి ఎండ మీద ఎవరో దుప్పటి కప్పేసినట్టు మబ్బు కమ్ముకుంది. వాన లేదు, గాలి లేదు. షామియానా కింద మొదటి బంతి కూర్చుంది. అక్కకీ నాకూ మధ్య బావగారు. కూర్చునే ఉన్నారు. అదే నేను గమనించాల్సిన మొదటి సంగతి.

"అమ్మాయ్, నీ యంత్రం బంగారం," అన్నారు పప్పు కలుపుకుంటూ. "పొద్దున్నుంచి ఒక్క మెసేజీ లేదు."

నేను షామియానా అంచు కింద నుంచి ఆకాశం వంక చూశాను. "ఇక్కడింత మబ్బు పట్టింది కదండీ. అక్కడ పట్టలేదా?"

"పట్టే ఉంటుంది. ఆక్సిజన్ తగ్గితే అది చెప్పదూ? పైగా వచ్చేముందు దానికి సదుపాయం కూడా చేసొచ్చాను."

"ఏం సదుపాయం?"

"పై మడికి మడవ కట్టేశాను."

నాకు అర్థం కాలేదు. నీళ్ళు పొలంలోకి రావడానికి గట్టుకి పెట్టే గండిని మడవంటారని తెలుసు. లాప్‌టాప్‌కి మడవ ఎక్కడుంటుందో తెలీదు.

"అంటే ఏం చేశారండీ?"

"లాప్‌టాప్ మూసేశాను. తెరిచి ఉన్నంతసేపూ అది తాగుతూనే ఉంటుంది కదా. మనం ఇంట్లో లేనప్పుడు దానికెందుకు నీళ్ళు? మొత్తం బోర్డుకే దిగనీ అని."

చెయ్యి విస్తట్లోనే ఆగిపోయింది. వడ్డించే ఆయన నేను సరిపెట్టుకున్నాననుకుని గుత్తి వంకాయ వెయ్యకుండా దాటిపోయాడు.

నేను చెప్పిన పొలంలో నీళ్ళు పై మడి దాటితేనే కింద మడికి వస్తాయి. బావగారి పొలంలో పక్కనుంచి బోదె అనే పిల్లకాలువ వెళ్తుంది. పై మడి మడవ కడితే నీళ్ళన్నీ బోదెలో పడి కిందకి పోతాయి. పుట్టినప్పట్నుంచి ఆయన చూసినది అదే. నేను గియ్యని బోదెని ఆయన గీసుకున్నారు. శివారు రైతు కాబట్టి, వీలు దొరకగానే పై మడి నోరు కట్టారు.

"బావగారూ, మూత వేస్తే లాప్‌టాప్ నిద్రపోతుంది. కింద మడికి చుక్క రాదు."

"లైటు వెలుగుతూనే ఉందమ్మా. చూసే వచ్చాను."

"అది కరెంటండీ. నిద్రలో కూడా కరెంటిస్తుంది. మాట ఇవ్వదు."

ఆయన విస్తరి ముందు నుంచి లేచి నిలబడ్డారు. బంతి మధ్యలో లేవకూడదని ఎవరో పెద్దాయన అన్నారు. బావగారికి వినబడలేదు. దివిసీమ అక్కడికి దగ్గరేమీ కాదు. వెళ్ళేలోపు కావలసింది అయిపోతుంది. చెరువు దగ్గర మనిషి లేడు. గట్టుకి అవతల చెరువుల ఆయన ఉంటాడు. కానీ ఆయనతో బావగారికి మాటల్లేవు. ఇద్దరిదీ ఒకే కాలువ. ఒకరు వదిలిన మురుగునీరు ఇంకొకరి తూములోకి పోయిందని తగాదా. పోయిన పంట దగ్గర్నుంచి ఒకరి గట్టు వైపు ఒకరు చూడరు.

"ఆయన నంబరు తీసేశాను," అన్నారు బావగారు నెమ్మదిగా.

అక్క ఎడమచేత్తో ఫోన్ తీసింది. "వాళ్ళావిడ నంబరు నా దగ్గరుంది."

"మనం మాట్లాడట్లేదు కదే వాళ్ళతో?"

"మీరు మాట్లాడట్లేదు. నేను మానానని ఎవరన్నారు? నిన్ననే ఆవకాయ పంపింది. మీరు తిన్నారు."

బావగారి మొహంలో ఆ రోజు రెండో దెబ్బ కనబడింది. మొదటిదానికంటే ఇదే గట్టిగా తగిలిందేమోనని నా అనుమానం.

ఆవిడ ఫోన్ ఎత్తి వాళ్ళాయనకిచ్చింది. అక్క స్పీకర్ పెట్టి బావగారి ముందు పట్టుకుంది. మా వైపు తగాదా పడ్డవాళ్ళు మర్యాద తగ్గించరు, కొంచెం పెంచుతారు.

"ఏవండీ, మా చెరువులో ఫ్యాన్లు కాస్త..."

"వేశానండీ."

"ఎప్పుడు?"

"మబ్బు పట్టగానే. మీ రొయ్యలు గట్టు వారకొచ్చి మూతులు పైకెత్తి తిరుగుతుంటే చూశాను. ఫ్యాన్ల స్టార్టరు తాళంచెవి మేత డ్రమ్ము కిందే కదండీ పెడతారు మీరు."

బావగారు ఫోన్ దగ్గరికి వంగారు. "మరి ఒక్క ఫోన్ చెయ్యొచ్చు కదండీ."

"మనకి మాటల్లేవు కదండీ," అన్నాడాయన, నన్నెందుకు అడుగుతున్నారన్నట్టు. ఫోన్ పెట్టేశాడు.

ముగ్గురం అన్నగారి కారులో దివిసీమ బయల్దేరాం. ఒక మనిషి చెరువుని కాపాడి, తగాదా కూడా తు.చ. తప్పకుండా పాటించడం ఎలా సాధ్యమో నాకు ఇప్పటికీ పూర్తిగా బోధపడలేదు.

చెరువులో ఫ్యాన్లు తిరుగుతున్నాయి. గట్టు వార తెల్లగా కొన్ని రొయ్యలు చచ్చి ఉన్నాయి. బావగారు పంచె పైకి కట్టి దిగి, రొయ్యల్ని చూడ్డానికి నీళ్ళలో వేలాడదీసే చెక్ ట్రే పైకి లాగి చూశారు. ట్రేలో రొయ్యలు చిటపటమని ఎగిరాయి. మళ్ళీ దింపి ఇంకో ట్రే లాగారు. అవీ ఎగిరాయి. ఆయన గట్టు మీద కూర్చున్నారు. అవతలి గట్టు మీద ఆ పెద్దమనిషి మాకు వీపు చూపిస్తూ నిలబడ్డాడు.

నేను షెడ్డులోకి వెళ్ళి లాప్‌టాప్ మూత తెరిచాను. కాసేపటికి మా ముగ్గురి ఫోన్లూ మోగడం మొదలుపెట్టాయి. ఆగలేదు. ఆక్సిజన్ తగ్గుతోంది. ఇంకా తగ్గింది. ప్రమాదం. ప్రమాదం. పొద్దున్నుంచి బోర్డు చెప్పలేక పేర్చి పెట్టుకున్నవన్నీ ఒకదాని వెనక ఒకటి దిగాయి. బావగారు అన్నీ చదివారు. ఒక్కటీ దాటేయలేదు.

"ఇది అరుస్తూనే ఉందమ్మా," అన్నారు. "నేనే నోరు కట్టాను."

నేను వెళ్ళి మూత ఇంకా తెరిచే ఉందో లేదో చూసొచ్చాను.

పంట దక్కింది. నిండా కాదు, కానీ చెరువులు లీజుకివ్వాల్సినంత తక్కువా కాదు. గుడివాడలో గల్లాపెట్టె వెనక ఇప్పటికీ అన్నగారే కూర్చుంటున్నారు. షెడ్డులో లాప్‌టాప్ మూతని బావగారు వల తాడుతో వెనక స్తంభానికి కట్టేశారు. ఇక దాన్ని ఎవరూ మూయలేరు, బాగుచేద్దామని నేను మూయబోయినా.

ఆ వారమే ఆయన నన్నడిగారు, బోర్డు మెసేజీలు ఇంకో నంబరుకి కూడా వెళ్ళేలా చెయ్యగలవా అని. ఆ నంబరు అక్క ఇచ్చింది.

"మీకు మాటల్లేవు కదండీ?"

"నేను మాట్లాడ్డం లేదుగా. బోర్డు మాట్లాడుతుంది."

మొన్న మళ్ళీ మబ్బు పట్టింది. బావగారు మేత కోసం అవనిగడ్డ వెళ్ళారు. నేను క్లాసులో ఉన్నాను. బోర్డు మెసేజీ వచ్చిన కాసేపటికి బావగారు ఫోన్ చేశారు. అక్క గట్టు మీదికి వెళ్ళేసరికే అవతలి గట్టు ఆయన ఫ్యాన్లు వేసేశాడట.

"అమ్మాయ్, బోర్డు చేత ఆయనకి థాంక్స్ అని పంపించగలవా?"

పంపించాను. సాయంత్రం బోర్డుకి జవాబొచ్చింది. దానికి జవాబులు కూడా వస్తాయని అప్పటిదాకా నాకు తోచలేదు.

"బోర్డు గారికి నమస్కారం. ఫర్వాలేదండీ. తాళంచెవి డ్రమ్ము కింద కనబడలేదు, మేకుకి ఉంది. ఈసారి చోటు మారిస్తే చెప్పమనండి."