గొంతుక్కూర్చునే పిల్ల

కోదాడ నుంచి మా ఆరేళ్ల అమ్మాయిని హైదరాబాదు దవాఖానకు తీసుకెళ్తున్నాను. కాస్త నడిస్తే చాలు, దాని పెదవులు నీలంగా మారేవి. గుండెలో ఏదో ఉందన్నారు గాని, అదేమిటో ఏ డాక్టరుకూ అంతుపట్టలేదు.

ఆ రోజుల్లో బస్సులు బొగ్గుతో నడిచేవి. సూర్యాపేట దాటాక ఎత్తు రాగానే మా బస్సు మొరాయించింది. అందరం దిగి నడిచాం. పిల్ల కొంచెం దూరం వచ్చి రోడ్డు మీదే గొంతుక్కూర్చుంది.

“లే, మొండిదానా!” అని రెక్క పట్టి లాగాను.

వెనక వస్తున్న ముసలమ్మ ఒకామె నా చెయ్యి పట్టుకుంది. “గుంజకు బిడ్డా. గట్ల కూసుంటెనే దానికి దమ్మొస్తది. డాక్టరుకు చెప్పినవా గీ ముచ్చట?”

చెప్పలేదు. మా ఊళ్లో అందరూ కూర్చునేది అలాగే. దాన్ని రోగమని ఎవరనుకుంటారు?

“నీకెట్లా తెలుసమ్మా?”

“నా బిడ్డ గిట్లనే కూసుంటుండె.”

హైదరాబాదులో పెద్ద డాక్టరు ఆ మాట వినగానే పిల్లను వరండాలో నడిపించి, అది గొంతుక్కూర్చోవడం చూశాడు. అప్పుడు దొరికింది జబ్బుకు పేరు.

ఆ రోజు బస్సు మళ్లీ కదిలాక, ముసలమ్మ దారి పొడుగునా నా కూతుర్ని ఒళ్లోంచి దించలేదు. తన బిడ్డ ఇప్పుడెలా ఉందని అడగడానికి నాకు భయమేసింది.